క్లినికల్ సైకాలజీ డాక్టరల్ ప్రోగ్రాంను నడిపించడం ఎలా: కొత్తగా బాధ్యత చేపట్టిన డైరెక్టర్‌కు

డైరెక్టర్ పదవిలోకి వచ్చిన మొదటి నెలలో సిలబస్‌ను తిరగరాయాలన్న తొందర ఎవరికైనా కలుగుతుంది. దానిని కొంతకాలం పక్కన పెట్టి, ముందుగా గత మూడేళ్ల ప్లేస్‌మెంట్ (ట్రైనీలు ఆసుపత్రి, క్లినిక్ వంటి చోట్ల క్లయింట్లతో చేసే ఆచరణ శిక్షణ) మూల్యాంకన పత్రాలను తెప్పించుకుని, ఒక్కో ట్రైనీవి మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవాలి. గది తలుపు మూసుకున్నాక బాధతో వచ్చిన మనిషి ఎదుట ఆ ట్రైనీ ఎలా కూర్చున్నారో, ఏం అడిగారో, ఏం అడగలేకపోయారో ఎవరైనా చూశారా లేదా అన్నది ఆ పత్రాలే చెబుతాయి.

చాలా చోట్ల కనిపించేది ఇది: మొదటి ప్లేస్‌మెంట్‌లో అన్ని గడులలోనూ మంచి మార్కే, రెండవ దానిలోనూ అంతే, మూడవ దానిలో ఉన్నట్టుండి 'ఇంకా సిద్ధంగా లేరు' అన్న ఒక్క వాక్యం. ట్రైనీ ఆ ఆరు నెలల్లో దిగజారిపోలేదు. అంతకుముందు ఎవరూ దగ్గరుండి చూడలేదు, లేదా చూసినవారికి రాయడానికి మనసొప్పలేదు. ప్లేస్‌మెంట్‌లో ట్రైనీ పనిని దగ్గరుండి నేర్పే సూపర్‌వైజర్ ఒకే సమయంలో గురువు, పరీక్షకుడు కూడా. వారం వారం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే మనిషికి తక్కువ మార్కు వేయడం ఎంత మంచివారికైనా కష్టమే. కాబట్టి ఆ కష్టాన్ని వారి ధైర్యానికి వదిలేయకుండా, ప్రోగ్రాం తన పద్ధతుల ద్వారా మోయాలి. డైరెక్టర్ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నేను నమ్ముతాను.

మొదటి మెట్టు ప్రత్యక్ష పరిశీలన. ట్రైనీ వచ్చి చెప్పిన కథనం మీదే సూపర్‌విజన్ సాగితే, వారికి తెలియని లోపం సూపర్‌వైజర్‌కూ తెలియదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అక్రెడిటేషన్ (ప్రోగ్రాంకు ఇచ్చే అధికారిక గుర్తింపు) ప్రమాణాలు ప్రతి ప్రాక్టికమ్ (చదువుతో పాటు సాగే ప్లేస్‌మెంట్) మూల్యాంకనమూ కొంతైనా ప్రత్యక్ష పరిశీలన ఆధారంగా ఉండాలని అడుగుతాయి. దానిని కనీస హద్దుగా తీసుకుని, ప్రతి ప్లేస్‌మెంట్‌లో మొదటి నెలలోనే ఒక సెషన్ రికార్డింగ్‌ను సూపర్‌వైజర్, ట్రైనీ కలిసి చూసేలా ఏర్పాటు చేయండి. రికార్డింగుకు క్లయింటు రాతపూర్వక అంగీకారం, భద్రంగా దాచే చోటు, చెరిపివేసే తేదీ, ఈ మూడూ ముందే తేలి ఉండాలి.

అలా కలిసి చూసినప్పుడు ఏం బయటపడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. క్లయింటు తల వంచుకుని, 'ఒక్కోసారి అన్నీ ఆగిపోతే బాగుండుననిపిస్తుంది' అంటారు. ట్రైనీ ఒక్క క్షణం ఆగి, ఎంతో మృదువుగా, 'నిద్ర ఎలా పడుతోంది?' అని అడుగుతారు. సెషన్ నోట్స్‌లో 'ప్రమాద సూచనలు లేవు' అని ఉంటుంది. ట్రైనీ అబద్ధం రాయలేదు. వారు అడగలేదు కాబట్టి వారికి ఏదీ వినిపించలేదు. ఈ సెషన్ గురించి మూల్యాంకన పత్రంలో 'రిస్క్ అంచనాలో మెరుగుపడాలి' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'క్లయింటు పరోక్షంగా చావు ప్రస్తావన తెచ్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడగలేదు. వచ్చే నాలుగు సెషన్లలో అటువంటి సందర్భం వస్తే నేరుగా అడగడం, ఉద్దేశం, మార్గం, గత ప్రయత్నాలు తెలుసుకోవడం రికార్డింగులో కనిపించాలి' అని రాస్తే ట్రైనీకి దారి తెలుస్తుంది, తర్వాతి సూపర్‌వైజర్‌కు ఏం చూడాలో తెలుస్తుంది. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ క్లయింటు భద్రత సంగతి చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. క్లయింటు సంరక్షణకు చివరి బాధ్యత సూపర్‌వైజర్‌దే.

ప్లేస్‌మెంట్ సగానికి వచ్చినప్పుడు ప్రోగ్రాం తరఫున ఒకరు తప్పనిసరిగా వెళ్లి కలవాలి. ముందు ట్రైనీతో ఒంటరిగా, తర్వాత సూపర్‌వైజర్‌తో ఒంటరిగా, చివర ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే క్రమాన్ని మార్చకండి. ఇద్దరినీ మొదటే కలిపి కూర్చోబెడితే అంతా బాగుందనే మాటే వినిపిస్తుంది.

లోపం తేలాక దిద్దుబాటు ప్రణాళిక కాగితం మీద ఉండాలి: ఏ నైపుణ్యం, ఎవరు సాయం చేస్తారు, ఎప్పటిలోగా, ఏం కనిపిస్తే సరిపోయినట్టు, సరిపోకపోతే ఏమవుతుంది, నిర్ణయం మీద ఎవరికి అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడ మన వృత్తికే ప్రత్యేకమైన ఒక పొరపాటు పొంచి ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలం కాబట్టి ట్రైనీ ఇబ్బందికి వెంటనే ఒక వ్యక్తిత్వ వివరణ, కొన్నిసార్లు ఒక డయాగ్నసిస్ కూడా మన నాలుక మీదికి వచ్చేస్తుంది. దాన్ని మింగేయండి. సమావేశంలో ప్రవర్తన గురించి మాట్లాడండి, కారణాన్ని ఊహించవద్దు. థెరపీ అవసరమనిపించి ప్రోగ్రాంలో భాగంగా దాన్ని తప్పనిసరి చేసినా, ప్రోగ్రాంతో సంబంధం లేని థెరపిస్టును ఎంచుకునే వీలు ట్రైనీకి ఉండాలనీ, వారి చదువును మూల్యాంకనం చేసే అధ్యాపకులు ఆ థెరపీ ఇవ్వకూడదనీ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళి చెబుతుంది. ఏ దేశంలో ఉన్నా పాటించదగిన గీత ఇది.

కొందరి విషయంలో ఇంత చేసినా సరిపోదు. అప్పుడు వారిని ఈ వృత్తిలోకి పంపకూడదని చెప్పవలసినది మీరే. ఆ మాట మూడవ ఏడాదిలో కాక మొదటి ఏడాదిలో చెప్పగలగడం, వారు ఇంకో దారి చూసుకోవడానికి సాయపడడం, ఇవి కూడా దయలో భాగమే. చివరి దాకా సాగదీస్తే నష్టపోయేది వారొక్కరే కాదు, వారి ఎదుట కూర్చున్న క్లయింట్లు కూడా.

ఇక మీ ప్రోగ్రాం ఎటువంటి మనిషిని తయారు చేయదలచుకుందో అధ్యాపకులందరూ ఒకే మాట చెప్పగలగాలి. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు క్లినికల్ సైకాలజిస్టు శాస్త్రవేత్తగానూ, చికిత్స చేసే సాధకుడిగానూ శిక్షణ పొందాలని తేల్చింది. 1973లో కొలరాడోలోనే వెయిల్‌లో జరిగిన సదస్సు చికిత్స సాధనకే ప్రాధాన్యమిచ్చే సైడీ (PsyD, డాక్టర్ ఆఫ్ సైకాలజీ) డిగ్రీకి గుర్తింపునిచ్చింది. బ్రిటన్‌లో మూడేళ్ల డాక్టరేట్‌లో సుమారు సగం సమయం ప్లేస్‌మెంట్లలోనే గడుస్తుంది. ఏ దారి ఎంచుకున్నా దాని బరువు టైంటేబుల్‌లో కనిపించాలి. పరిశోధన ముఖ్యమని చెబుతూ దానికి వారంలో ఒక్క రోజు కూడా కేటాయించకపోతే, థీసిస్ ఇంటర్న్‌షిప్ (చదువు చివర్లో చేసే పూర్తికాల ఆచరణ శిక్షణ) అయ్యాక కూడా సాగుతూనే ఉంటుంది. థీసిస్ ప్రతిపాదన ఆమోదం పొందాకే ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయనివ్వడం నాకు తెలిసినంతలో బాగా పనిచేసే నియమం.

ప్రవేశాల విషయంలో ఒక్కటే చెబుతాను: సీట్ల సంఖ్య మంచి సూపర్‌వైజర్ల సంఖ్యను దాటకూడదు. విశ్వవిద్యాలయం ఇంకో నలుగురిని చేర్చుకోమన్నప్పుడు ఆ నలుగురికి ఏ సూపర్‌వైజర్, ఏ రోజు, ఏ గదిలో అన్న పట్టికను ముందు పెట్టి మాట్లాడండి. అక్రెడిటేషన్ కాగితాలను తనిఖీకి సందర్శక బృందం వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా ఎప్పటికప్పుడు ఫైలు చేయిస్తే ఆ పని పెద్దది కాదు.

పరిపాలన మీ వారమంతా తినేస్తుంది కాబట్టి ఒక పూటను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ పూట ఒక ట్రైనీకి మీరే సూపర్‌విజన్ చేయండి, మీరే రికార్డింగు చూడండి, మీరే ఆ పత్రం నింపండి. గడులు సరిగ్గా లేవని, ప్రశ్న అస్పష్టంగా ఉందని అప్పుడే మీ చేతికి తగులుతుంది.

పట్టా అందుకుని వెళ్లే ప్రతి ట్రైనీతోనూ చివరిసారి గంటసేపు కూర్చుని ఒక ప్రశ్న అడగండి: 'మీకు ఏ నైపుణ్యం వచ్చిందని మేము ఎవ్వరం కళ్లారా చూడకుండానే సంతకం చేశాం?' కొందరు వెంటనే చెబుతారు, కొందరు చాలాసేపు ఆలోచించి చెబుతారు. వచ్చిన జవాబులను వారి పేర్లు లేకుండా రాసి పెట్టుకుని, తర్వాతి బ్యాచ్ మొదటి ప్లేస్‌మెంట్‌కు వెళ్లేలోగా సూపర్‌వైజర్ల సమావేశంలో ఒక్కొక్కటిగా చదివి వినిపించండి.