గట్టిగా చెప్పాల్సిన చోట మాట తేలిపోతుంటే: సమస్య - పరిష్కారం

వైద్యంలోలాగే ఇక్కడా ముందు పరీక్ష, తర్వాతే చికిత్స. మీరు ఈమధ్య పంపిన పది మెసేజ్‌లు తెరిచి ‘ఊరికే’, ‘కొంచెం’, ‘ఏమో’, ‘కదా’, ‘అనుకుంటా’, ‘సారీ’, ‘చూద్దాం’ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. ఏ మాట ఎక్కువగా కనిపిస్తే ముందు దాన్నే పట్టుకోండి. అన్నీ ఒకేసారి మానేయాలని చూస్తే మాట్లాడేటప్పుడు తడబాటు ఖాయం.

మీ సూచన చర్చకు రాకుండానే పోతోంది

‘ఊరికే అంటున్నా, తప్పయితే చెప్పండి, గడువు రెండు రోజులు పెంచితే బావుంటుందేమో కదా?’ ఈ ఒక్క వాక్యంలో నాలుగు చోట్ల వెనకడుగు ఉంది. వినేవాళ్లకు గడువు సంగతి చెవికెక్కదు, మీ అనుమానమే ఎక్కుతుంది.

ఇలాంటి మాటలు ఆడవాళ్ల భాషలో ఎక్కువని 1970ల్లో భాషావేత్త రాబిన్ లేకాఫ్ వాదించారు. ఆ తర్వాత అమెరికా కోర్టుల్లో సాక్షుల మాటతీరును పరిశీలించినవాళ్లకు హోదా తక్కువగా ఉన్న మగవాళ్ల నోటా అవే వినిపించాయి. అలా మాట్లాడిన సాక్షిని శ్రోతలు తక్కువగా నమ్మారని ప్రయోగాల్లోనూ తేలింది. కాబట్టి దీన్ని పుట్టుకతో వచ్చిన స్వభావం అనుకోనక్కర్లేదు. అలవాటైన మాట, మార్చుకోవచ్చు.

సరిచేయడం ఇలా: ముందు విషయం, వెంటనే ఒక కారణం, అక్కడితో ఆపేయాలి. ‘గడువు రెండు రోజులు పెంచాలి. టెస్టింగ్‌కు ఇప్పుడున్న సమయం చాలదు.’ ఆపాక వచ్చే నిశ్శబ్దం భరించలేకే చాలామంది ‘కదా?’ తగిలిస్తారు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి, అవతలివాళ్లే మాట్లాడతారు.

నిజంగానే అనుమానం ఉంటే దాచొద్దు, అది ఎక్కడుందో చెప్పండి: ‘ఖర్చు లెక్క ఖాయం. తేదీ మాత్రం గురువారం తేలుతుంది.’ అనుమానాన్ని వాక్యమంతా చల్లడం వేరు, ఒకచోట చూపించడం వేరు.

వద్దన్నా మళ్లీ మళ్లీ అడుగుతున్నారు

అన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ‘చూద్దాం’ అంటే సగం ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. ‘ఈ వారం కుదరదు’ అంటే వచ్చే వారం అడగమని మీరే దారి చూపించినట్టు. మూడు కారణాలు చెప్పారంటే, ఎదుటివాళ్లు అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని పరిష్కరించేస్తారు. ‘బండి లేదా? నేను దింపుతాలే!’ ఇక తప్పించుకోవడానికి ఏముంటుంది?

మొదటి వాక్యంలోనే కాదని చెప్పేయండి. కారణం చెప్పాలనిపిస్తే ఒక్కటే. ప్రత్యామ్నాయం మీరు నిజంగా చేయగలిగితేనే ఇవ్వండి. మళ్లీ అడిగితే కొత్త కారణం వెతక్కుండా అదే వాక్యం, అదే గొంతుతో:

‘ఆదివారం పనికి నేను రానండీ.’
‘ఒక్క పూటేగా?’
‘అవునండీ, కానీ ఆదివారం నేను రాను.’

మనతో మనం చెప్పుకునే మాటకూ ఇదే వర్తిస్తుంది. ప్రలోభాన్ని ఆపుకునేటప్పుడు ‘నేను చేయలేను’ అనుకున్నవాళ్ల కన్నా ‘నేను చేయను’ అనుకున్నవాళ్లు మెరుగ్గా నిలబడ్డారని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. ‘చేయను’లో నిర్ణయం మీదే అవుతుంది.

పైఅధికారి దగ్గర మాత్రం ‘చేయను’ ధిక్కారంలా వినిపించవచ్చు. అక్కడ ఎంపిక వాళ్ల ముందు పెట్టండి: ‘ఇది తీసుకుంటే రిపోర్టు శుక్రవారానికి అందదండీ. రెండింటిలో ఏది ముందు చేయమంటారు?’

ప్రతిదానికీ సారీ వచ్చేస్తోంది

ఎవరికైనా నష్టం జరిగిందా అని చూసుకోండి. జరగకపోతే సారీ అక్కర్లేదు. ‘సారీ, ఒక డౌటు’కు బదులు ‘ఒక డౌటండీ’ చాలు. ‘ఆలస్యమైంది, సారీ సారీ’ బదులు ‘ఆగినందుకు థాంక్సండీ’.

చేసిన పనికి పేరు రావడం లేదు

క్రియ చూడండి. ‘పూర్తయింది’, ‘తేలింది’, ‘కుదిరింది’ అంటే పని దానంతటదే జరిగినట్టు ఉంటుంది. ‘పూర్తి చేశాను’, ‘తేల్చాను’, ‘కుదిర్చాను’ అనండి. పొరపాటు దగ్గరా ఇదే పద్ధతి పాటించాలి: ‘పొరపాటు జరిగింది’ కాదు, ‘పొరపాటు చేశాను, సాయంత్రానికి సరిచేస్తాను.’ మంచికి ‘నేను’, చెడుకు ‘జరిగింది’ అనేవాళ్ల మాట ఎవరూ నమ్మరు.

సరిచేశాక దురుసుగా వినిపిస్తోంది

తీయకూడనిది కూడా తీసేసి ఉంటారు. ‘అండీ’, ‘మీరు’, ‘దయచేసి’ మర్యాద మాటలు, వాటిని ఉంచండి. తీయాల్సింది తేదీ, అంకె, నిర్ణయం చుట్టూ అల్లుకున్న ‘ఏమో’లనే. ‘ఫైలు రేపు పదింటికి పంపండి, దయచేసి’లో మర్యాదా ఉంది, స్పష్టతా ఉంది.

ఇన్ని మార్చినా ఫలితం లేదు

ముందు రాతలో సాధన చేయండి: పంపేముందు ఒకసారి చదివి, ఎంచుకున్న ఆ ఒక్క మాట కొట్టేయండి. అది రాతలోంచి పోయాకే నోటిమాటలో మొదలుపెట్టండి. అప్పటికీ ఒకే మనిషి మీ ప్రతి మాటకూ అడ్డొస్తుంటే, కాదన్నందుకు కక్ష కడుతుంటే, లోపం మీ వాక్యంలో లేదు. అక్కడ పదాలు మార్చి లాభం లేదు. సంభాషణను రాతపూర్వకం చేయండి, లేదా మూడో మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడండి.