అయస్కాంతం తోసిన గోళీకి అంత వేగం ఎక్కడిది? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

మెల్లగా దొర్లించిన ఇనుప గోళీ అయస్కాంతాన్ని తాకగానే అవతలి గోళీ చాలా జోరుగా దూసుకుపోతుంది. దీన్ని చూపించి ‘ఉచిత శక్తి’ అని చెప్పే వీడియోలు బోలెడు. పిల్లలు అవి నమ్మకముందే ఈ ప్రయోగం చేయించండి.

విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ షాపులు చూస్తే సామాను దొరుకుతుంది: 10 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం (చాలా బలమైన రకం) ఒకటి, అదే సైజు బేరింగ్ బాల్స్, అంటే ఉక్కు గోళీలు, నాలుగు, వైరింగ్‌కు వాడే సన్న కేసింగ్ పట్టీ ఒక అడుగున్నర. మన సముద్రపు గాలికి బాల్స్ తొందరగా తుప్పు పడతాయి, వాడాక నూనె గుడ్డతో తుడిచి పెట్టండి. అయస్కాంతాన్ని బీచ్‌కి మాత్రం తీసుకెళ్లొద్దు. ఇసుకలోని నల్ల రేణువులు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు.

పట్టీ మధ్యలో అయస్కాంతాన్ని టేపుతో గట్టిగా బిగించండి. దాని ధ్రువాలు పట్టీ పొడవు వెంట ఉండాలి. కుడి వైపు ఒకదానికొకటి ఆనేలా రెండు గోళీలు పెట్టి, ఎడమ నుంచి మూడోదాన్ని నెమ్మదిగా వదలండి. టక్‌మని చప్పుడై, కుడి చివరి గోళీ ఎగిరిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. కుడి వైపు ఒక్క గోళీయే పెట్టి మళ్లీ వదలండి. ఈసారి అది కదిలినా తప్పించుకోలేదు.

అయస్కాంతాన్ని లోతైన నుయ్యి అనుకోండి. ఎడమ గోళీ అడుగు దాకా పడుతుంది. కుడి చివరిది అయస్కాంతానికి ఒక గోళీ దూరంలో, అంటే పై మెట్టు మీద ఉంది. అది బయటపడటానికి తక్కువ శక్తి చాలు, మిగిలినదంతా దాని వేగం. ఒక్క గోళీయే ఉన్నప్పుడు రెండూ అడుగునే కాబట్టి మిగిలేదేమీ లేదు. పైగా కొంత చప్పుడుకీ వేడికీ పోతుంది.

వేగాన్ని కొలవాలంటే పట్టీ కుడి కొసను పైకి వంచి, గోళీ ఎంత ఎత్తు ఎక్కిందో స్కేలుతో చూడండి. 10 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ సుమారు 4 గ్రాములు. 10 సెంటీమీటర్లు ఎక్కితే దాదాపు 0.004 జౌళ్ల శక్తి దక్కినట్టు.

ఆ శక్తికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో మళ్లీ అమర్చేటప్పుడు మీ వేళ్లకే తెలుస్తుంది. ఎడమన అంటుకున్న గోళీని లాగడానికి ఎంత బలం కావాలో, కుడి చివరిదాన్ని విడదీయడానికి ఎంత చాలో పోల్చి చూడండి. పట్టీని గుండ్రంగా వంచి గోళీని తిప్పుతూనే ఉందామన్నా కుదరదు. ఒక దెబ్బ తర్వాత కుడి వైపు మిగిలేది అయస్కాంతాన్ని అంటిన గోళీ ఒక్కటే. తిరిగొచ్చిన గోళీ దాన్ని విడిపించలేదు.

చిన్నపిల్లల చేతికి అయస్కాంతం ఇవ్వకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికొస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు.