పెద్దాసుపత్రిలో ‘బెడ్ లేదు’ పొమ్మంటే

1992లో పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడొకరు రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నారు. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు చేర్చుకోలేదు. రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రకారం అది జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. నిధుల్లేవన్న సాకు చెల్లదంది. అలాంటి కేసు మీరు వేయాలంటే మాత్రం చేతిలో కాగితాలుండాలి.

పొమ్మన్నారని క్యాజువాలిటీలో గొడవకు దిగొద్దు. ఒకరు రోగిని వేరే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇంకొకరు అక్కడే ఆగి కాగితాలు తీసుకోండి. ముందు ఓపీ చీటీ, దాని మీద మీరు వచ్చిన టైము. తర్వాత రిఫరల్ చీటీ: బీపీ, నాడి, చేసిన ప్రథమ చికిత్స, పంపడానికి కారణం, డ్యూటీ డాక్టర్ సంతకం. ఇవ్వబోమంటే సూపరింటెండెంట్‌కు ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. స్పృహ లేదు, రక్తం ఆగడం లేదు అని ఉన్నదున్నట్టు రాయాలి, ఎందుకంటే ఈ హక్కు గట్టిగా నిలిచేది అత్యవసరానికే. దక్షిణాఫ్రికాలో 1997లో యంత్రాలు చాలవని ఒక కిడ్నీ రోగికి డయాలసిస్ నిరాకరిస్తే, అది అత్యవసర వైద్యం కిందికి రాదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆసుపత్రినే సమర్థించింది.

చాలా కేసులు ఒక్క సంతకంతో పోతాయి. ‘మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం’ అని రాసిన కాగితం ముందుకు తోస్తారు. కంగారులో రోగి తరఫువాళ్లు వేలిముద్ర వేసేస్తారు. వేయక తప్పకపోతే పక్కనే ‘బెడ్ లేదన్నందుకు తీసుకెళ్తున్నాం’ అని మీ చేత్తో రాయండి.

తర్వాత 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుమూ లేదు. ‘ఎందుకు చేర్చుకోలేదు?’ అని అడిగితే సంజాయిషీలు ఇవ్వక్కర్లేదని తిప్పి పంపుతారు. ఆ తేదీ, ఆ గంటల క్యాజువాలిటీ రిజిస్టర్ నకలు, డ్యూటీ రోస్టర్, ఖాళీ బెడ్ల లెక్క అడగండి. మిగతా రోగుల పేర్లు కొట్టేసి ఇవ్వమనండి. మామూలుగా గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

హైకోర్టులో రిట్ (హక్కుకు భంగం కలిగిందని ప్రభుత్వం మీద వేసే కేసు) వేయడానికి లాయరు ఖర్చు భరించలేకపోతే ఉచిత న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయర్‌నిస్తారు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు, కేసు తీసుకోరు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోటైతే, ఉచితంగా చూపించుకున్నవారూ కమిషన్‌లో కేసు వేయొచ్చు.