ఆయన ఫీల్డ్‌కి వెళ్లేలోపు ఇంట్లో చక్కబెట్టుకోవాల్సిన పనులు

మీ ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ ఆర్డర్ వచ్చిందా? లద్దాఖ్ కావచ్చు, సిక్కిం కావచ్చు, అరుణాచల్ కావచ్చు. ఫ్యామిలీని వెంట తీసుకెళ్లడానికి వీల్లేని చోటు. ఆ పోస్టింగ్ అయ్యేదాకా ఇల్లు మీ చేతి మీదే నడవాలి. మా ఆయన ఎంఈజీలో, అంటే సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, సుబేదారు. మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఆయన ఫీల్డ్‌లో ఉంటే నేనూ పిల్లలూ బెంగళూరులో, అల్సూరు దగ్గర, సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్స్‌లో (ఫీల్డ్‌కి వెళ్లినవాళ్ల కుటుంబాలకిచ్చే ఇళ్లలో) ఉంటున్నాం. కొత్తగా పెళ్లయి వచ్చిన తెలుగు అమ్మాయిలు "అక్కా, ఇదెట్లా, అదెట్లా" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

"మిలిటరీ వాళ్లకేం, అన్నీ వాళ్లే చూసుకుంటారు" అని ఊళ్లో అంటారు. చూసుకుంటారు, నిజమే. ఆస్పత్రి ఉంది, బడి ఉంది, క్యాంటీన్ ఉంది, కష్టమొస్తే పలికే మనుషులున్నారు. కానీ ఇవన్నీ మీ పేరు రికార్డుల్లోకి ఎక్కినాకే. ఆయన పక్కనున్నప్పుడు ఒక సంతకంతో అయిపోయే పని, ఆయన 15,000 అడుగుల ఎత్తున ఉన్నప్పుడు నెలలు పడుతుంది. అందుకే ఆయన బండెక్కేలోపే కాగితాలన్నీ ముందేసుకుని కూర్చోండి.

అన్నిటికంటే ముందు పార్ట్ టూ ఆర్డర్. పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్ ద్వారా ఈ ఆర్డర్ వెలువడి, ఆ సంగతి ఆయన సర్వీస్ రికార్డులోకి ఎక్కాలి. పెళ్లి ఘనంగా చేసుకుని, ఫోటోలు పెట్టుకుని, ఈ ఒక్కటి వదిలేసిన వాళ్లు ఎందరో. అది లేకపోతే సైన్యం లెక్కలో మీరు ఆయన భార్య కారు. డిపెండెంట్ కార్డు (ఆయన కుటుంబమని చూపే గుర్తింపు కార్డు) రాదు, పిల్లల చదువు డబ్బులు రావు, రేపు జరగరానిది జరిగితే పెన్షన్ దగ్గర నానా తిప్పలు పడాలి.

ఇందులో మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్ల దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. భర్తీ రోజున ఆయన సర్వీస్ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా పడి ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మున్సిపాలిటీ గుమాస్తా తనకు తోచినట్టు రాస్తాడు. ఏ రెండూ కలవవు. ఆయన సర్వీస్ రికార్డులో పేరు స్పెల్లింగుతో సహా ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎక్కడ ఏ ఫారం నింపినా అచ్చు అలాగే నింపండి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి. ఇప్పటికే తేడాలుంటే ఆయన ఉండగానే అఫిడవిట్ చేయించి, ఆధార్ దిద్దించండి. విసుగు పుట్టించే పనే. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి తప్పదు.

తర్వాత నామినేషన్లు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు ఖాతా, మూడింట్లోనూ ఎవరి పేరుందో అడగండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, తర్వాత మార్చని జవాన్లు చాలామంది. అత్తగారికి కొంత, మీకు కొంత అని ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు, అందులో తప్పేం లేదు. అడగడానికి మొహమాటపడకండి. అపశకునం అని అత్తగారు కోప్పడితే, ఆయన్నే ఆమెతో మాట్లాడమనండి.

ఇప్పుడు ఫోను సంగతి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో, జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పలుకుతుంది. ఆయన నంబరు ప్రీపెయిడ్ అయి, బ్యాంకు, గ్యాసు, ఆధార్, లోను అన్నీ దానికే కట్టి ఉంటే, ఓటీపీ వెళ్లేది మూగబోయిన ఫోనుకి. ఇక్కడ మీరు గ్యాసు బుక్ చేయలేరు, అక్కడ ఆయనకి సంగతే తెలియదు. పోస్ట్‌పెయిడ్ అయినా టవరు లేని పోస్టుకి వెళ్తే అదే కథ. కాబట్టి జీతం పడే ఖాతాని జాయింట్ చేయించండి. మీ పేరున వేరే ఏటీఎం కార్డు, మీ ఫోనుకి వేరే రిజిస్ట్రేషన్ తీసుకోండి. గ్యాసు, కరెంటు, బడి, అన్నిట్లో మీ నంబరు ఇవ్వండి. ఆయన వెళ్లకముందే ఒక నెల మొత్తం ఖర్చులన్నీ మీ ఫోను మీదే నడిపి చూడండి. ఎక్కడ అడ్డం పడుతుందో అప్పుడే బయటపడుతుంది.

ఎక్కడుండాలన్నది ఇంటింటికీ వేరు. సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్‌కి యూనిట్ ద్వారా స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి దరఖాస్తు వెళ్లాలి. బెంగళూరులో వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ఆర్డర్ చేతికి రాగానే పెట్టించండి. పిల్లలు బళ్లో చదువుతుంటే, ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే ఇక్కడే ఉండమంటాను. ఎంఈజీ కేంద్రం అల్సూరు చెరువు పక్కనే. దక్షిణాది నాలుగు భాషల వాళ్లూ ఉండే రెజిమెంటు కాబట్టి హిందీ సరిగా రాని అమ్మాయికి కూడా పక్కింట్లోనో, ఎదురింట్లోనో తెలుగు తెలిసిన మనిషి దొరుకుతుంది. చిన్నబిడ్డతో ఒంటరిగా ఉండలేని వాళ్లు పుట్టింటికి వెళ్లడమూ మంచిదే. అయితే గిద్దలూరు లాంటి చోట మిలిటరీ ఆస్పత్రి ఉండదన్నది మర్చిపోకండి.

ఆస్పత్రి అంటే మొదట ఎంఐ రూమ్ (యూనిట్ దగ్గరుండే చిన్న దవాఖానా), అక్కణ్నుంచి అవసరమైతే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఎయిర్‌ఫోర్స్ కమాండ్ హాస్పిటల్. డిపెండెంట్ కార్డు అసలు, రెండు జిరాక్సులు సంచిలో ఎప్పుడూ ఉండాలి. కాన్పు ఇక్కడా, పుట్టింట్లోనా అన్నది అయిదో నెలలోపే తేల్చుకుని, ఇక్కడైతే పేరు రాయించుకోండి. అర్ధరాత్రి బిడ్డకి ప్రాణం మీదకొస్తే దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి పరుగెత్తండి, కార్డు గురించి ఆలోచించొద్దు. చేర్చిన వెంటనే మిలిటరీ ఆస్పత్రికీ, రియర్‌కీ (యూనిట్ పైకి వెళ్లినా కింద ఆగినవాళ్ల ఆఫీసు) కబురు చేసి, ప్రతి రసీదూ దాచండి.

పిల్లల బడికి వస్తే, ఆర్మీ పబ్లిక్ స్కూలు, కేంద్రీయ విద్యాలయం రెండూ చూడండి. కేవీ అడ్మిషన్లో గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్క చూస్తారు, యూనిట్ నుంచి ఆ సర్టిఫికెట్ ముందే తెప్పించుకోవాలి. చదువు భత్యం 2024 జనవరి నుంచి బిడ్డకి నెలకి 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల దాకా. ఏడాది చివర బడి నుంచి సర్టిఫికెట్ తీసుకుని యూనిట్‌కి పంపితేనే వస్తుంది. హాస్టల్లో ఉంచితే భత్యం వేరు. క్యాంటీన్ కార్డు గురించి చెప్పక్కర్లేదు, అది అందరూ వెంటనే నేర్చుకుంటారు.

ఊళ్లో పొలం ఉందా? అయితే ఇది జాగ్రత్తగా చదవండి. ఫౌజీ ఊళ్లో లేడని గట్టు జరిపేవాళ్లుంటారు, కోర్టులో దావా వేసి నోటీసు పాత చిరునామాకి పంపేవాళ్లుంటారు. దీనికోసమే 1925 నుంచి ఒక చట్టం ఉంది, ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్. ప్రత్యేక పరిస్థితుల్లో, యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడి మీద కేసుంటే, అతను వచ్చి జవాబు చెప్పుకునేదాకా విచారణ ఆపించుకోవచ్చు. అతని వెనక ఇచ్చిన తీర్పుని రద్దు చేయమనీ అడగవచ్చు. మన వైపు నుంచి దావా వేయాల్సి వస్తే, అలా పనిచేసిన కాలాన్ని గడువులో కలపరు. నోటీసు ఏది వచ్చినా తీసుకోండి, తిప్పి పంపొద్దు. ఫోటో తీసి రియర్‌కి పంపితే యూనిట్ నుంచి కలెక్టరుకీ, ఎస్పీకీ ఉత్తరం వెళ్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా ఒక అర్జీ ఇవ్వండి. పాస్‌బుక్కు, అడంగల్ నకళ్లు మీ దగ్గరొక జత ఉంచుకోండి. ఊళ్లో పని చూడ్డానికి ఆయన ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అమ్మే హక్కు అందులో లేకుండా రాయించండి, సొంత అన్నదమ్ములకైనా సరే.

రియర్ అని పదేపదే అంటున్నాను. యూనిట్ మొత్తం పైకి వెళ్లినా కొద్దిమంది కింద ఆగుతారు, అదే రియర్ పార్టీ. ఆ ఆఫీసు నంబరు, అక్కడి జేసీవో సాబ్ (సుబేదారు లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) నంబరు గోడ మీద రాసిపెట్టండి, మీ అమ్మకీ అత్తగారికీ ఇవ్వండి. పూర్వం "తల్లికి సీరియస్" అని టెలిగ్రాం కొడితే సెలవిచ్చేవాళ్లు. 2013 జులైలో టెలిగ్రామే ఆగిపోయింది, ఇప్పుడా పని రియర్‌దే. చెడు కబురుంటే నేరుగా ఆయనకి చేసి ఏడవొద్దంటాను నేను. ముందు రియర్‌కి చెప్పండి. డాక్టరు కాగితం ఉంటే పంపండి. పైన ఆయన పై అధికారి బదులు మనిషిని చూసి, కిందికి దించే ఏర్పాటు చేసి, పక్కన కూర్చుని చెప్తాడు. మంచులో ఒంటరి పోస్టులో ఉన్న మనిషికి ఆ ఫోను ఒక్కటే రావడం కంటే ఇది మేలు.

ఆవా మీటింగులు మానేయకండి. సైనికుల భార్యల సంక్షేమ సంఘం 1966 నుంచి ఉంది. కుట్లు, కంప్యూటరు నేర్పుతారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఆశా స్కూళ్లు నడుపుతారు. మేమ్‌సాబ్ (ఆఫీసరు గారి భార్య) ముందు మాట్లాడాలంటే భయంగా ఉంటే పక్కన తెలిసిన అక్కని కూర్చోబెట్టుకుని తెలుగులోనే చెప్పండి, ఆమె చెప్తుంది. నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇది పిచ్చివాళ్లకి అని ఎవరన్నా అంటే వినకండి. చేయండి.

ఆయనకి ఉత్తరం, పార్సిల్ పంపేటప్పుడు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్‌కోడ్ రాయాలి. ఊరి పేరు రాయకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో కూడా ఆయన ఎక్కడున్నారు, ఎప్పుడు బయల్దేరుతున్నారు అన్నది పెట్టొద్దు. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమన్నది జవాన్లనే, కానీ వాళ్ల కబుర్లు బయటికి పొక్కేది ఇళ్ల నుంచే.

వెళ్లిన కొత్తలో ఫోను రాకపోతే కంగారు పడకండి. 9,000 అడుగులు దాటాక ఒంటిని గాలికి అలవాటు చేయడానికి మొదట 6 రోజులు, 12,000 దాటితే ఇంకో 4, 15,000 దాటితే ఇంకో 4 రోజులు ఆపుతారు. తర్వాత పైపోస్టుకి నడక. సెలవు తేదీ కూడా రాయి మీద గీత అనుకోవద్దు. లేహ్ నుంచి చండీగఢ్ వచ్చే విమానం మబ్బు పడితే ఎగరదు, ట్రాన్సిట్ క్యాంపులో రోజులు గడిచిపోతాయి. బిడ్డ పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం లాంటివి ఆయన వస్తానన్న తేదీకి వారం తర్వాత పెట్టుకోండి. ఊరెళ్లడానికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ టికెట్లు ఆయన చండీగఢ్‌లో దిగి ఫోను చేశాకే తీయండి, డిఫెన్స్ కోటా కోసం ఎంసీఓ ఆఫీసులో (స్టేషన్లో సైనికుల ప్రయాణాలు చూసే మిలిటరీ ఆఫీసు) అడగవచ్చు.