ఒకే ఇంగ్లీషు మాటకు ఇన్ని అర్థాలా? కావలసినది పట్టుకోవడం ఎలా?

ఇంగ్లీషులో మనల్ని ఇబ్బంది పెట్టేవి పొడవాటి మాటలని అనుకుంటాం. నిజానికి ‘ఫొటోసింథసిస్’తో పేచీ లేదు. దానికి ఒకటే అర్థం, ఒకసారి తెలుసుకుంటే చాలు. చిక్కంతా ఒకటో తరగతిలో నేర్చుకున్న ‘రన్’, ‘సెట్’, ‘యాజ్’, ‘దట్’ వంటి చిన్న మాటలతోనే. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఇంగ్లీషు పత్రికలో ఇవి కొత్త వేషంలో కనబడి తికమక పెడతాయి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువులో అన్నిటికంటే పొడవైన వివరణ ‘సెట్’ది. ఆ నిఘంటువును సవరిస్తూ 2011లో ‘రన్’ క్రియ దగ్గరకు వచ్చేసరికి 645 అర్థాలు తేలాయి.

అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, ఇంగ్లీషు వాళ్లూ పట్టరు. వాక్యంలో ఆ మాట ఏ పని చేస్తోందో చూసి, దాన్నిబట్టి అర్థానికి వస్తారు. ఆ అలవాటు మనకూ ఉంది. ‘వాడు మందు వాడాడు’ అంటే మొదటి ‘వాడు’ మనిషి, రెండోది ఉపయోగించడం. ‘ఆమె మందు వాడింది’, ‘పువ్వు వాడింది’ అనే వాక్యాల్లో క్రియ అక్షరం తేడా లేకుండా ఒకటే. అయినా పువ్వు దేన్ని ఉపయోగించిందని ఎవరూ అడగరు. మొదటి వాక్యంలో ‘మందు’ అనే కర్మ ఉంది, రెండోదాంట్లో లేదు. మన చెవి ఆ లెక్క క్షణంలో వేసేస్తుంది. ఇంగ్లీషులో అదే లెక్కను కొన్నాళ్లు పనిగట్టుకుని వేయాలి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. తెలుగులో ప్రేమ నామవాచకం, ప్రేమించు క్రియ. మాట చివర చూస్తే తెలిసిపోతుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులోనూ అంతే: ‘లువు’ అంటే ప్రేమ, ‘లువియన్’ అంటే ప్రేమించడం. తర్వాతి శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు అరిగిపోయి రెండూ ‘లవ్’ అయి కూర్చున్నాయి. ప్రత్యయం పోయిన చోట ఆ బాధ్యత స్థానం మీద పడింది. అందుకే ఇంగ్లీషు మాటను విడిగా పట్టుకుని ‘దీని అర్థమేమిటి?’ అని అడిగితే సరైన జవాబు రాదు.

1. ముందు పని తేల్చండి, అర్థం తర్వాత

మాటకు ఎడమ పక్క ఏముందో చూడండి. ‘ఎ’, ‘ద’, ‘మై’, ‘దిస్’ వంటివి ఉంటే వాటి తర్వాత, వెంటనే కాకపోయినా కాస్త దూరంలో, సాధారణంగా ఒక నామవాచకం రావాలి. ‘విల్’, ‘కెన్’, ‘మస్ట్’ ఉంటే క్రియ రావాలి. ‘టు’ తర్వాత కూడా చాలాసార్లు క్రియే వస్తుంది. కానీ ‘టు ద స్కూల్’ అన్నట్టు ‘టు’ వెనక ‘ద’ వచ్చిందంటే ఆ ‘టు’ మన ‘కి, కు’ లాంటిది.

‘రౌండ్’ను తీసుకుందాం. ‘ఎ రౌండ్ టేబుల్’ అంటే గుండ్రటి బల్ల, ఇక్కడది విశేషణం. 1930లో లండన్‌లో మొదలైన రౌండ్ టేబుల్ సమావేశాల పేరులో ఉన్నదీ ఇదే. ‘ద ఫైనల్ రౌండ్’లో నామవాచకం, చివరి విడత పోటీ. ‘ద బస్ రౌండెడ్ ద కార్నర్’లో క్రియ, బస్సు మలుపు తిరిగింది. ‘షి టర్న్‌డ్ రౌండ్’లో క్రియావిశేషణం, ఆమె వెనక్కి తిరిగింది. ‘వి శాట్ రౌండ్ ద టేబుల్’లో మాత్రం మన ‘చుట్టూ’ చేసే పని చేస్తుంది. ‘ద రౌండ్ టేబుల్’, ‘రౌండ్ ద టేబుల్’ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కదిలింది ‘ద’ ఒక్కటే. గుండ్రటి బల్ల కాస్తా బల్ల చుట్టూ అయిపోయింది.

2. వాక్యం తిరగబడితే క్రియను వెతకండి

భాషాశాస్త్ర తరగతుల్లో చెప్పే తమాషా వాక్యం ఒకటుంది: ‘ది ఓల్డ్ మ్యాన్ ద బోట్స్’. మొదటి మూడు మాటలు చదవగానే ముసలాయన కళ్ల ముందుకొస్తాడు. తర్వాత ‘ద బోట్స్’ వచ్చి ఆయన్ని పడగొడుతుంది, ఎందుకంటే ఆయన చేసే పనేదీ వాక్యంలో లేదు. ఇలా తగిలినప్పుడల్లా వెనక్కి వెళ్లి, ఇక్కడ క్రియ కాగలిగినది ఏదని అడగండి. ‘మ్యాన్’కు క్రియగా పడవకో ఓడకో సిబ్బందిగా ఉండడమనే అర్థముంది. ‘ది ఓల్డ్’ అంటే వృద్ధులు. పడవల్ని నడిపే వాళ్లు వృద్ధులు, అంతే సంగతి. ఇంత మెలికపడ్డ వాక్యం రోజూ తగలదు. పత్రికల శీర్షికల్లో మాత్రం ‘ఈజ్’, ‘ద’ వంటివి ఎగిరిపోతాయి కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

3. పని తెలిశాక తోడున్న మాటల్ని చూడండి

‘రన్’ క్రియ అని తేలింది. 645లో ఏదో ఎలా తెలుస్తుంది? ఎవరు రన్, దేన్ని రన్ అని అడగండి. మనిషి అయితే పరుగెత్తుతాడు. ముక్కు అయితే కారుతుంది. బట్ట రంగు అయితే తడిసి పక్క బట్టకు అంటుకుంటుంది. బస్సు అయితే వేళకు నడుస్తుంది. వెనక కర్మ ఉంటే కథ మారుతుంది: ‘రన్ ఎ షాప్’ అంటే దుకాణం నడపడం, ‘రన్ ఎ ఫీవర్’ అంటే జ్వరంతో ఉండడం. దుకాణాన్ని ఎవరూ పరుగెత్తించరు కదా.

వెనక చిన్న మాట తగిలినా అంతే. ‘రన్ ఫర్’ తర్వాత పదవి పేరు ఉంటే ఎన్నికల్లో పోటీ. ఇది అమెరికా వాడుక, బ్రిటన్‌లో ‘స్టాండ్ ఫర్’ అంటారు. ‘రన్ ఇంటు’ తర్వాత మనిషి ఉంటే అనుకోకుండా తారసపడడం. ‘వి హ్యావ్ రన్ ఔట్ ఆఫ్ రైస్’ అంటే ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. (ఖాళీ డబ్బాను చూపించి నిండుకున్నాయనే మనకు ఇంగ్లీషు వాళ్లను తప్పుపట్టే హక్కు లేదు.) ఇదే ‘రన్ ఔట్’ క్రికెట్‌లోకి వస్తే బ్యాటరు పెవిలియన్‌కు నడవాలి. ‘ఆఫ్’ ఉందా లేదా, ఎవరి గురించి మాట్లాడుతున్నారు అన్నది చూస్తే గందరగోళం ఉండదు.

4. చిన్న మాటల దగ్గర ఎక్కువసేపు ఆగండి

వ్యాకరణం పుస్తకాలు తొందరపడి దాటేసే చోటు ఇదే. నా ఉద్దేశంలో సగం తప్పులు ఇక్కడే పుడతాయి.

‘దట్’ ఒక్కటే తెలుగులోకి వచ్చేసరికి నాలుగు మాటలుగా విడిపోతుంది. ‘దట్ ఈజ్ మైన్’లో అది ‘అది’. ‘దట్ హౌస్’లో ‘ఆ’. ‘ఐ నో దట్ హి కేమ్’లో ‘అని’ – అతను వచ్చాడని నాకు తెలుసు. ‘నాట్ దట్ బిగ్’లో ‘అంత’. ‘ద బుక్ దట్ ఐ బాట్’ దగ్గరకు వస్తే తెలుగులో దానికి మాటే ఉండదు. నేను కొన్న పుస్తకం అంటాం. ‘దట్’ చేసే పనిని ‘కొన్న’ అనే రూపం మింగేస్తుంది. అందుకే ఆ వాక్యానికి తెలుగు చేసేటప్పుడు చాలామంది ‘ఏదైతే పుస్తకం నేను కొన్నానో అది’ అని మెలికలు తిరుగుతారు. అవసరం లేదు.

‘యాజ్’, ‘లైక్’ విషయంలో తెలుగే మనకు సాయం చేస్తుంది. ‘షి వర్క్స్ యాజ్ ఎ నర్స్’ – నర్సుగా పనిచేస్తోంది. ‘షి టాక్స్ లైక్ ఎ నర్స్’ – నర్సులా మాట్లాడుతోంది, నర్సు కాకపోవచ్చు. మన ‘గా’, ‘లా’ల తేడాయే అక్కడా. ‘యాజ్’ తర్వాత పూర్తి వాక్యం వస్తే మూడు దారులున్నాయి: ‘యాజ్ ఐ సెడ్’ అంటే నేను చెప్పినట్టు, ‘యాజ్ హి వాజ్ లీవింగ్’ అంటే అతను వెళుతుండగా, ‘యాజ్ ఇట్ వాజ్ లేట్’ అంటే ఆలస్యమైంది కాబట్టి. మూడింటినీ తెలుగులో వేసి చూసి అతికినది ఉంచుకోండి.

‘సిన్స్’ తర్వాత కాలం ఒక్కటే ఉంటే ‘నుంచి’: తెలంగాణ ‘సిన్స్ 2014’ ప్రత్యేక రాష్ట్రం. పూర్తి వాక్యం ఉంటే ‘నుంచి’ కావచ్చు, ‘కాబట్టి’ కావచ్చు. అప్పుడు మిగతా సగంలో ‘హ్యావ్’, ‘హ్యాజ్’తో నడిచే క్రియ ఉందేమో చూడండి. ఉంటే సాధారణంగా కాలం, లేకపోతే చాలావరకు కారణం. ఇక ‘బట్’ అంటే ‘కానీ’ ఒక్కటే కాదు. ‘ఆల్ బట్ వన్’ అంటే ఒకటి తప్ప అన్నీ.

5. పైకి చదవండి

కొన్ని మాటల పని చెవికి తెలుస్తుంది. ‘యూస్’ నామవాచకం, ‘యూజ్’ క్రియ. అక్షరాలు మాత్రం అవే. ‘క్లోస్’ అంటే దగ్గర, ‘క్లోజ్’ అంటే మూయడం. ‘రికార్డ్’, ‘ప్రెజెంట్’, ‘ఆబ్జెక్ట్’, ‘పర్మిట్’ వంటి వాటిలో నామవాచకమైతే మొదటి భాగాన్ని, క్రియైతే రెండో భాగాన్ని ఒత్తి పలుకుతారు. మన పలుకుబడిలో రెండూ ఒకేలా దొర్లిపోతాయి కాబట్టి దీన్ని రేడియోలోనో వార్తల్లోనో విని పట్టుకోవాలి.

6. నిఘంటువులో మొదటి అర్థంతో తృప్తిపడకండి

ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు అర్థాలను చరిత్ర క్రమంలో ఇస్తుంది. ముందున్నది పాతది, ఇప్పుడు వాడుకలో ఉండకపోవచ్చు. అందుకే ఇంగ్లీషు నేర్చుకునే వారి కోసం రాసిన నిఘంటువును దగ్గర పెట్టుకోండి. అందులో ముందుగా నామవాచకమా, క్రియా అన్న గుర్తు చూసి, మీ వాక్యానికి సరిపడని భాగాన్ని పూర్తిగా వదిలేయండి. సగం పేజీ అక్కడే తగ్గిపోతుంది. తర్వాత కర్మ కావాలా వద్దా, లెక్కపెట్టగలిగినదా కాదా అన్న గుర్తులు చూడండి. ఈ రెండో గుర్తును చాలామంది పట్టించుకోరు. ‘పేపర్’ అంటే కాగితం, లెక్కపెట్టలేం. ‘ఎ పేపర్’ అంటే వార్తాపత్రికో, ప్రశ్నపత్రమో, పరిశోధన వ్యాసమో. ‘పేపర్స్’ అంటే ఎక్కువగా దస్తావేజులు. ఒక్క ‘ఎ’, ఒక్క ‘స్’ ఇంత చేస్తాయి.

బ్రౌన్ దొర 19వ శతాబ్దిలో కూర్చిన నిఘంటువులు పాత పుస్తకాలు చదవడానికి బంగారం. నేటి వార్తలకు అవి చాలవు. ఫోనులో అనువాదం చూసుకునే వారు విడి మాట కాకుండా వాక్యం మొత్తం ఇవ్వాలి. విడి మాటిస్తే యంత్రం కూడా ఊహించాల్సిందే.

7. ఎదురు అర్థాలున్న మాటల్ని విడిగా రాసుకోండి

మన ప్రభుత్వ కార్యాలయాల్లో ‘శాంక్షన్’ అంటే మంజూరు. అంతర్జాతీయ వార్తల్లో ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ అంటే ఆంక్షలు. ‘ఓవర్‌సైట్’ పర్యవేక్షణ కావచ్చు, చూసుకోక జరిగిన పొరపాటు కావచ్చు. మన పార్లమెంటులో నివేదికను ‘టేబుల్’ చేశారంటే సభ ముందు ఉంచారని. అమెరికా చట్టసభలో బిల్లును ‘టేబుల్’ చేశారంటే పక్కన పెట్టారని. అమెరికాలో ఉద్యోగానికి దరఖాస్తు చేసే మన పిల్లలకు ఇంకొకటి చెప్పాలి: ఫలానా ఏడాది కాలేజీ నుంచి ‘పాస్‌డ్ అవుట్’ అని రాయకండి. ఇక్కడ చదువు పూర్తయిందని అర్థం. అక్కడి వారికి మీరు స్పృహ తప్పి పడిపోయినట్టు వినబడుతుంది.

8. వారానికి ఒక్క మాట

ఒక పుస్తకంలో మాటకో పేజీ కేటాయించండి. నిఘంటువులోంచి అర్థాలు దింపుకోకండి. ఆ వారం చదివిన దాంట్లో ఆ మాట ఎక్కడ తగిలితే అక్కడి వాక్యం రాసి, పక్కన దాని పని, కింద మీ తెలుగు రాయండి. మొదటి వారానికి ‘వెల్’ తీసుకోవచ్చు: బావి, బాగా, ఆరోగ్యంగా, మాట మొదలుపెట్టే ముందు అనే ‘సరే’, కళ్లలో నీళ్లు ఉబకడం – ఐదు పనులూ తేలిగ్గా దొరుకుతాయి. తర్వాత ‘స్టిల్’, ఆ తర్వాత ‘రైట్’. ‘గెట్’ జోలికి మాత్రం ఆర్నెల్ల దాకా వెళ్లకండి.