గుండెపోటు తరువాత నడక, వేడి: రెండు బరువులను ఒకేసారి మోపకుండా కోలుకోవడం

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి చేరిన మనిషికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చూడవచ్చిన ప్రతివారూ రెండు సలహాలు ఇస్తారు. పొద్దున్నే నడవమనేది ఒకటి, బాగా కాగిన నీళ్లతో స్నానం చేసి ఒళ్లు కాచుకోమనేది మరొకటి. నడక నిస్సందేహంగా మందే. వేడి కూడా కొందరికి, కొంతకాలం గడిచాక, మేలు చేయవచ్చు. అయితే వేడి విశ్రాంతి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఒంటికి వేడి తగిలినప్పుడు చర్మం కింది రక్తనాళాలు విప్పారుతాయి, రక్తం అటు మళ్లుతుంది, రక్తపోటు తగ్గుతుంది, ఆ లోటును పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. అంటే మనిషి పీట మీద కదలకుండా కూర్చున్నా అతని గుండె మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఈ సంగతి మా ఇంట్లో భయపడి నేర్చుకున్నాం. మా నాన్నగారు గుండెపోటు వచ్చిన నాలుగో వారంలో శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచి వచ్చి, చెమట ఆరకముందే పొగలు కక్కే నీళ్లతో స్నానానికి కూర్చున్నారు. లేవబోయేసరికి కళ్లు బైర్లు కమ్మి గోడకు ఒరిగిపోయారు. ఉదయం వేసుకున్న, రక్తనాళాలను విప్పార్చే నైట్రేట్ మాత్ర, నడక, వేడినీళ్లు, ఈ మూడూ కలిసి రక్తపోటును ఒక్కసారిగా పడగొట్టాయని తరువాత డాక్టరు వివరించారు. ఆనాటి నుండి మా ఇంట్లో నడకకూ స్నానానికీ మధ్య కనీసం అరగంట విరామం ఉండి తీరుతుంది.

ముందుగా నడక సంగతి చూద్దాం. దెబ్బతిన్న గుండె కండరం మాని మచ్చ కట్టడానికి సుమారు 6 నుండి 8 వారాలు పడుతుంది. ఆసుపత్రి నుండి వచ్చేటప్పుడే ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో గుండె పంపింగ్ శాతం, అంటే ప్రతిసారీ కొట్టుకున్నప్పుడు గుండె తనలోని రక్తంలో ఎంత వంతును బయటకు నెడుతున్నదో, అడిగి తెలుసుకోవాలి. అది 40 కంటే తక్కువ ఉన్నవారు, నడుస్తుంటే ఇంకా ఛాతీ పట్టేస్తున్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. డాక్టరు సరేనన్న మిగిలినవారు తొలివారంలో ఇంట్లోనే, వసారాలోనే, 5 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు నడిస్తే చాలు. ఆ తరువాత రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే, ఆరు వారాలు దాటేసరికి చాలామంది ఏకబిగిన 30 నిమిషాలు నడవగలుగుతారు. చివరకు చేరవలసినది వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. ప్రతిసారీ మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు నెమ్మదిగానే నడవాలి. నడక ఆపగానే కూలబడితే కాళ్లలోని రక్తం పైకి రావడం తగ్గి తల తిరుగుతుంది. అన్నం తిన్న తరువాత గంటన్నర వరకు నడక వద్దు.

వేగం ఎంత ఉండాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నాడి అత్యధికంగా ఎంత వేగం అందుకోగలదో చెప్పడానికి 220లో నుండి వయసును తీసివేసే లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే గుండెపోటు తరువాత చాలామంది వాడే బీటా బ్లాకర్ మాత్రలు నాడిని పెరగనివ్వవు. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట తెగుతుంటే నెమ్మదించాలి. అందుకే ఒంటరిగా వెళ్లకుండా తోడుతో నడవమంటాను. చోటు కూడా చదునుగా ఉండాలి. విజయనగరంవారికి కోట చుట్టూ నడక నప్పుతుంది గాని, రామతీర్థం కొండమెట్లు తొలి రెండు నెలల్లో వద్దు. బైపాస్ శస్త్రచికిత్స జరిగినవారైతే ఎదుర్రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, నీళ్ల బిందెలు ఎత్తడం, మోటారు సైకిలు నెట్టడం మానాలి.

అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఆరోగ్యం కోసం కొలిచే ప్రాంతం మనది కనుక, సూర్యనమస్కారాలు చేయవచ్చా అని కూడా అడుగుతారు. వేగంగా వంగి లేచే ఆ వరుస తొలి వారాలకు తగదు. అయితే యోగాను పక్కనపెట్టనవసరం లేదు. మన దేశంలో 24 ఆసుపత్రులలో, గుండెపోటు వచ్చిన 3,959 మందిపై జరిగి, 2020లో ఫలితాలు వెలువడిన యోగా-కేర్ అధ్యయనంలో, శ్వాస, ధ్యానం, తేలికపాటి ఆసనాలు శిక్షకుల వద్ద నేర్చుకున్నవారు తమ పూర్వపు పనుల్లోకి మరింత బాగా తిరిగి వెళ్లగలిగారు. మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు తగ్గాయని మాత్రం అందులో రుజువు కాలేదు. కనుక యోగాను నడకకు, మందులకు తోడుగానే తీసుకోవాలి.

ఇక వేడి. ఛాతీలో నొప్పి అనిపించినప్పుడు కాపడం పెట్టడం, బామ్ రాసి పడుకోబెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు, అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు కూడా ఇదే. ఛాతీకి, ఎడమ భుజానికి, దవడకు కొత్తగా వచ్చిన నొప్పి గుండెది కాదని డాక్టరు తేల్చేదాకా దానిపై వేడి పెట్టకూడదు. గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రాం పరీక్ష కోసం సూది గుచ్చిన మణికట్టు మీదగాని, గజ్జ మీదగాని కాపడం వద్దు. నైట్రేట్ పట్టీ అంటించుకున్నవారు ఆ చోటికి వేడి తగలనివ్వకూడదు, తగిలితే మందు ఎక్కువగా ఒంట్లోకి చేరుతుంది. నడుముకో మోకాలికో కండరాల నొప్పి ఉంటే, వేడినీళ్ల సంచికి తువ్వాలు చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచుకోవచ్చు. మధుమేహం వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారికి కాలినా తెలియదు కనుక నీటి వేడిని ఇంట్లో ఇంకొకరు చేత్తో చూడాలి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు, కూర్చోవడానికి పీట, గడియ వేయని తలుపు ఉంటే చాలు.

ఆవిరి స్నానాలు గుండెకు మంచివట కదా అనేవారున్నారు. ఫిన్లండులోని కుయోపియో ప్రాంతంలో 2,315 మంది మధ్యవయస్కులైన పురుషులను ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుండి ఏడు సార్లు ఆవిరి గదికి వెళ్లేవారిలో గుండె సంబంధిత మరణాలు తక్కువగా కనిపించిన మాట నిజం. అయితే ఆ అలవాటు వారికి చిన్ననాటి నుండీ ఉన్నది, పైగా అది గమనించి చూసిన అధ్యయనమే గాని చికిత్స ఇచ్చి పోల్చినది కాదు. జపానులో గుండె బలహీనపడినవారికి వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే వావోన్ చికిత్సలోనైతే 60 డిగ్రీల పొడి వేడిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, తరువాత దుప్పటి కప్పి 30 నిమిషాలు పడుకోబెడతారు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, గుండెనొప్పి ఇంకా అదుపులోకి రానివారు, గుండె నుండి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు ఆవిరి గదికి దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు.

మనకు ఆవిరి గది వేరే అక్కరలేదని కూడా అనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తీరం వెంబడి ఉక్కపోతకు చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. పలాసలో జీడిగింజలు కాల్చే బట్టీల వద్ద పనిచేసేవారికి రోజంతా వేడి చికిత్సే. అటువంటివారు పనిలో తిరిగి చేరే తేదీని డాక్టరుతో మాట్లాడే నిర్ణయించుకోవాలి, చేరిన రోజున నడకను తగ్గించుకోవాలి. వేసవిలో ఉదయం ఏడు గంటలలోపే నడక ముగించాలి. మరీ ఉక్కగా ఉన్న రోజున ఇంట్లోనే ఫ్యాను కింద అటూ ఇటూ నడిచినా లెక్కే.

నీళ్ల విషయంలో ఒకరికి చెప్పినది ఇంకొకరికి వర్తించదు. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతున్నవారికి డాక్టరు రోజుకు ఇంతే అని కొలత పెడతారు, అంబలి, మజ్జిగ కూడా ఆ కొలతలోకే వస్తాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే వెంటనే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి వంటి ఉద్దానం మండలాలవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినా కిడ్నీకి దెబ్బే. నడక వల్ల కాళ్లు నొప్పులని దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొని వేసుకోవడం గుండెకూ, కిడ్నీకీ కూడా చేటు.

నడకలోగాని స్నానంలోగాని ఛాతీ బిగుసుకుపోయినా, చల్లటి చెమటలు పట్టినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆపి కూర్చోవాలి. డాక్టరు ఇచ్చి ఉంటే సార్బిట్రేట్ మాత్రను (ఇదీ నైట్రేటే) కూర్చునే నాలుక కింద పెట్టుకోవాలి. 5 నిమిషాల్లో తగ్గకపోతే బైకు మీద ఎక్కించుకుని వెళ్లకుండా 108కి ఫోన్ చేయాలి. మిగిలిన రోజుల్లో ఒక చిన్న పుస్తకంలో నడిచిన నిమిషాలు, ఉదయపు బరువు, నాడి, ఆ రోజు ఉక్క ఎలా ఉన్నదీ రాసి ఉంచి, మళ్లీ డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు దానిని కూడా తీసుకువెళ్లండి.