సేవా క్లబ్బు స్థానిక కార్యక్రమాలను, విరాళాలను ఎలా నిర్వహించాలి?

1930లో అమెరికాలోని పియోరియా నగరంలో చూపులేని ఒక వ్యక్తి రద్దీ రోడ్డు దాటలేక అవస్థ పడుతుండగా అక్కడి లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు జార్జ్ బోన్‌హామ్ గమనించాడు. ఆ మనిషి చేతిలోని నల్ల కర్ర బండ్లు నడిపేవారి కంటికి ఆనడం లేదు. కర్రకు తెల్ల రంగు వేసి, దానిమీద ఎర్ర పట్టీ వేస్తే దూరం నుంచే తెలుస్తుందన్న ఆలోచన ఆయనకు అప్పుడే కలిగింది. క్లబ్బు అలాంటి కర్రలు చేయించి పంచింది. తెల్ల కర్ర పట్టుకున్నవారికి దారి ఇవ్వాలని నగర పాలక మండలి ఆ ఏడాదే శాసనం కూడా చేసింది. నిలబడి చూడడానికి పట్టిన సమయాన్ని పక్కనబెడితే ఇందులో క్లబ్బుకు పెద్దగా ఖర్చయింది లేదు.

కొత్తగా పదవి చేపట్టిన అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు ఉపయోగపడేలా ఏడాది కార్యక్రమాలను ఎంచుకోవడం దగ్గర నుంచి లెక్కలు అప్పగించడం వరకు చేయవలసిన పనులను కింద వరుసగా వివరిస్తున్నాను. రోటరీ, లయన్స్ వంటి సంస్థల్లో జూలై 1న కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకుంటుంది కాబట్టి మొదటి రెండు పనులను ఆ తేదీకి ముందే పూర్తి చేసుకుంటే మంచిది.

1. ముందు అడిగి తెలుసుకోండి

చాలా క్లబ్బులు తమ దగ్గర ఏముందో చూసుకుని, దాన్ని ఎవరికి ఇవ్వాలా అని ఆ తర్వాత వెతుకుతాయి. ఒక సభ్యుడికి దుప్పట్లు టోకున దొరుకుతాయంటే ఆ ఏడు దుప్పట్ల పంపిణీ జరిగిపోతుంది. ఈ వరుసను తిరగేయాలి. బడి ప్రధానోపాధ్యాయులను, ప్రాథమిక వైద్యం చూసే నర్సులను, వృద్ధాశ్రమం నడిపేవారిని, పారిశుద్ధ్య కార్మికులను వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి కలవండి. మీకేం కావాలని నేరుగా అడిగితే, వచ్చినవారు ఇవ్వగలిగిందేదో ఊహించుకుని అదే చెబుతారు. "నిరుడు మీకు ఏ పని మధ్యలో ఆగిపోయింది? ఎందుకు ఆగింది?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. అదే పని మీద మరో సంస్థ ఇప్పటికే ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే వారితో కలిసి చేయడమే మేలు. గ్లోబల్ గ్రాంటు, అంటే పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్టులకు ఇచ్చే నిధి, కోరే క్లబ్బులు ముందుగా స్థానిక అవసరాలను అంచనా వేసి తీరాలని రోటరీకి చెందిన దాతృత్వ సంస్థ రోటరీ ఫౌండేషన్ షరతు పెట్టింది. గ్రాంటు అడగని చిన్న క్లబ్బు కూడా ఆ షరతును తనకు తానుగా పెట్టుకోవచ్చు.

2. ఒకటి రెండు పనులకే పరిమితం కండి

చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ మహాసభలో చేసిన విజ్ఞప్తి తర్వాత ఆ సంస్థ చూపు సమస్యలను తన ప్రధాన కార్యక్రమంగా స్వీకరించింది. రోటరీ 1985లో పోలియో నిర్మూలనను తలకెత్తుకుంది. 1988లో ప్రపంచంలో ఏటా సుమారు 3,50,000 పోలియో కేసులు ఉన్నట్లు అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఆయా దేశాల ప్రభుత్వాలు, రోటరీ సభ్యులు కలిసి పనిచేయగా ఆ సంఖ్య 99 శాతానికి పైగా తగ్గింది. నెలకో కొత్త పని చేసే క్లబ్బుకు ఇలాంటి ఫలితం అందదు. ఏడాదికి ఒక పెద్ద పని, ఒక చిన్న పని చాలు. మిగతా అభ్యర్థనలు వచ్చినప్పుడు, ఈ ఏడాది వేరే పనికి కట్టుబడి ఉన్నామని మర్యాదగా ఉత్తరం రాయండి. కాదనడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది కానీ, సగం సాయం అందుకుని మిగతా సగం కోసం తిరగవలసి వచ్చినవారి ఇబ్బంది అంతకంటే పెద్దది.

3. డబ్బును రెండు ఖాతాల్లో ఉంచండి

క్లబ్బు పేరు నిలబడేదీ, పోయేదీ ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. సభ్యులు కట్టే చందా ఒక ఖాతాలో ఉండాలి. సమావేశాల ఖర్చు, భోజనాలు, బ్యాడ్జీలు, పై సంస్థకు చెల్లించే రుసుము అందులోంచే పోవాలి. ప్రజల నుంచి సేకరించిన ప్రతి పైసా రెండో ఖాతాలోకి వెళ్లాలి, అది తిరిగి ప్రజల పనికే రావాలి. లయన్స్ క్లబ్బుల్లో ఇది నిబంధనగానే ఉంది. నిధుల సేకరణ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చును, అంటే హాలు అద్దె, టికెట్ల ముద్రణ వంటివాటిని, వసూలైన మొత్తంలోంచి తీసుకోవచ్చు కానీ కార్యవర్గం విందును మాత్రం అందులో కలపకూడదు. చందా ఖాతాలో తాత్కాలికంగా డబ్బు తక్కువైందని సేవా ఖాతా నుంచి "చేబదులు" తీసుకోవడం చాలా క్లబ్బుల్లో తగాదాలకు మూలం. వచ్చే నెల సర్దుతామన్న చేబదులు కార్యవర్గం మారేసరికి ఎవరి బాకీయో తేలని బాకీ అవుతుంది.

హుండీ పెట్టెల్లో వసూలైన డబ్బు విషయంలో పెట్టె తెరిచిన చోటే లెక్క జరగాలి. ఇద్దరు సభ్యులు ఎదురెదురుగా కూర్చుని, నోట్లు వేరుగా, నాణేలు వేరుగా లెక్కపెట్టి, మొత్తాన్ని ఒక చీటీ మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. మరుసటి పనిదినాన ఆ మొత్తాన్ని బ్యాంకులో వేసి, బ్యాంకు రసీదును ఆ చీటీకి పిన్ను చేయాలి. మధ్యలో చిల్లర ఖర్చుకని అందులోంచి ఏమీ తీయకూడదు. రసీదు పుస్తకాల మీద వరుస నంబర్లు ఉండాలి. పాడైన రసీదును చించి పారేయకుండా, అడ్డంగా గీత గీసి పుస్తకంలోనే ఉంచాలి. చెక్కు మీద ఇద్దరు సంతకం చేయాలి, బ్యాంకు స్టేట్‌మెంటును ఆ ఇద్దరూ కాకుండా మూడో వ్యక్తి నెలనెలా సరిచూడాలి. ఇవన్నీ ఎవరిమీదనో అనుమానంతో పెట్టుకునే నియమాలు కావు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే కోశాధికారిని కాపాడేవి ఈ కాగితాలే.

దాత ఫలానా పనికని ఇచ్చిన డబ్బు ఆ పనికే పోవాలి. విజ్ఞప్తి పత్రంలోనే "అవసరానికి మించి వసూలైతే మిగులును ఫలానా పనికి వాడతాము" అన్న ఒక వాక్యం చేరిస్తే తర్వాత చిక్కు రాదు. విరాళానికి పన్ను రాయితీ వర్తిస్తుందో లేదో మీ దేశ చట్టాన్ని బట్టి, క్లబ్బు రిజిస్ట్రేషన్‌ను బట్టి ఉంటుంది. లెక్కల నిపుణుణ్ని అడగనిదే దాతకు ఆ మాట ఇవ్వవద్దు.

4. ఎవరికి ఇవ్వాలో పద్ధతిగా నిర్ణయించండి

సాయం కోరేవారి కోసం ఒకే పేజీ దరఖాస్తు తయారు చేయండి. ఏ పనికి, ఎంత, ఎప్పటిలోగా, మిగతా సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది అన్న నాలుగు విషయాలు చాలు. ఇద్దరు సభ్యులు స్వయంగా వెళ్లి చూసి వచ్చాకే దరఖాస్తును సమావేశంలో పెట్టాలి. దరఖాస్తుదారు ఒక సభ్యుడికి బంధువో వ్యాపార భాగస్వామో అయితే ఆ సభ్యుడు ముందే చెప్పి, చర్చ జరిగేటప్పుడు బయట కూర్చోవాలి. ఆ సంగతి సమావేశపు మినిట్స్‌లో (చర్చల రికార్డులో) రాయాలి. మంజూరైన సొమ్మును వీలైనంతవరకు నగదుగా కాకుండా బడికో, ఆసుపత్రికో, వస్తువు అమ్మేవారికో నేరుగా చెల్లించండి. మొత్తం పెద్దదైతే విడతలుగా ఇవ్వండి.

5. కార్యక్రమాన్ని తీసుకునేవారి వైపు నుంచి రూపొందించండి

క్లబ్బులు తరచుగా చేపట్టే రక్తదాన శిబిరాన్నే చూడండి. సాధారణంగా క్లబ్బు వార్షికోత్సవం నాడు పెడతారు, దాతలు ఎక్కువమంది వస్తే విజయమని చెప్పుకుంటారు. రక్తనిధి లెక్క వేరు. ఎర్ర రక్తకణాలను భద్రపరిచే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజుల వరకే నిల్వ ఉంచగలరు. ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 నుంచి 7 రోజులు మాత్రమే. ఒకే రోజున ఊరంతా రక్తం ఇస్తే కొంత వృథా కావచ్చు, పైగా దాతలందరూ మళ్లీ ఇవ్వగలిగేవరకు కొరత తప్పదు. ఒకసారి రక్తమిచ్చినవారు మళ్లీ ఇచ్చేలోగా పురుషులైతే 12 వారాలు, స్త్రీలైతే 16 వారాలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. అందువల్ల తేదీని రక్తనిధి అధికారులనే అడిగి ఖరారు చేయండి, దాతలను రెండు మూడు జట్లుగా విడదీసి ఏడాది పొడవునా పిలవండి. సన్మాన సభకు ఇది అంత అనువుగా ఉండదు, నిజమే.

కంటి శిబిరంలోనూ ఇంతే. పరీక్ష చేసి, శుక్లం ఉందని చెప్పి పంపేస్తే ఆ మనిషికి దిగులు తప్ప ఏమీ మిగలదు. శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి, అక్కడికి తీసుకెళ్లే వాహనం, తర్వాత చుక్కల మందు, మళ్లీ చూపించుకునే తేదీ కుదిరాకే శిబిరం ప్రకటించండి.

వస్తువులు ఇచ్చే విషయంలో మా క్లబ్బు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నడవలేని ఒక వృద్ధురాలికి సభలో చక్రాల కుర్చీ ఇచ్చాము. మూడు నెలల తర్వాత వాళ్ల ఇంటికి వెళ్తే కుర్చీ వరండాలో మడిచి ఉంది, దాని మీద పాత వార్తాపత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. గది గుమ్మం కుర్చీ చక్రాల కంటే రెండు వేళ్ల వెడల్పు తక్కువ. "బాగానే ఉంది బాబూ, లోపలికి రాదంతే" అని ఆమె నొచ్చుకుంటూ చెప్పింది, తప్పు తనదైనట్టు. చక్రాల కుర్చీని మనిషి కొలతలకు సరిపడేలా అమర్చి, వాడే పద్ధతి నేర్పి, తర్వాత మళ్లీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సరిపడని కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఇప్పుడు మేము కుర్చీ కొనే ముందు కొలత టేపు పట్టుకుని ఇంటికి వెళ్తున్నాము. తుంటి వెడల్పు, మోకాలి నుంచి మడమ వరకు పొడవు, ప్రతి గుమ్మం వెడల్పు, మరుగుదొడ్డి దారి రాసుకుంటాము.

ఫోటోల గురించి ఒక్క మాట. సాయం తీసుకుంటున్నవారి ముఖం ప్రచురించాలంటే ముందుగా అనుమతి అడగాలి, కాదన్నా సాయం ఆగదని స్పష్టంగా చెప్పాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో వద్దు. పూర్తయిన పని ఫోటో నివేదికకు సరిపోతుంది.

6. మళ్లీ వెళ్లి చూడండి, ఫైలు అప్పగించండి

ప్రతి పనికీ మూడు నెలల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి వెళ్లి చూసే తేదీలను మంజూరు రోజునే డైరీలో రాసుకోండి. నీటి శుద్ధి యంత్రం ఇచ్చి ఉంటే ఫిల్టరు మార్చే ఖర్చు ఎవరు భరిస్తున్నారో, మొక్కలు నాటి ఉంటే మొదటి రెండు వేసవుల్లో నీళ్లు ఎవరు పోస్తున్నారో చూడండి. పాడైనవాటి వివరాలను కూడా అదే నిజాయితీతో నివేదికలో రాయండి. ఏటా పదవులు మారే క్లబ్బులో ఇవేవీ ఒక్కరి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

కార్యవర్గం దిగిపోయే ముందు ఆడిట్ అయిన జమాఖర్చులను సభ్యులకే కాక దాతలకు కూడా ఒక పేజీలో పంపండి. కొత్తవారికి ఇచ్చే ఫైలులో రెండు ఖాతాల నిల్వలు, వాడని రసీదు పుస్తకాల నంబర్లు, ఇంకా చెల్లించవలసిన విడతలు, వెళ్లి చూడవలసిన తేదీలు ఉండాలి. పాత, కొత్త కోశాధికారులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ప్రతి పేజీ మీద సంతకం చేశాక, బ్యాంకులో సంతకాల మార్పు పత్రాన్ని అదే రోజు ఇచ్చేయండి.